ఆ రోడ్డుకు డబ్బు ఎవరిది?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మా వైపు కొత్త రైల్వే లైను పనులు చూసినప్పటి నుంచి రోడ్లు, రైళ్ల ప్రాజెక్టుల్లోనే పని చేస్తానంటోంది. మా బావమరిది రోడ్డు పనులు సబ్ కాంట్రాక్టుకు తీసుకుని, బిల్లులు రాక రెండేళ్లుగా వడ్డీలు కడుతున్నాడు. ప్రభుత్వ డబ్బును నమ్ముకున్న రంగంలోకి పంపడం కంటే సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించడం మంచిది కాదా? – ఒక తండ్రి

జవాబు: మీ భయానికి కారణం ఉంది, కాదనను. కానీ ‘ప్రభుత్వ డబ్బు’ అని మీరు ఒకే మూట కట్టేశారు. అది ఒక మూట కాదు. అయిదారు మూటలు, ఒక్కోదానికి ఒక్కో ముడి. మీ అమ్మాయి చేరబోయే ప్రాజెక్టుకు డబ్బు ఏ మూటలోంచి వస్తోందో తెలిస్తే, జీతం నెలనెలా వస్తుందా, పని ఎన్నేళ్లు ఉంటుంది, ఎలాంటి నైపుణ్యం అడుగుతారు అన్నది చాలావరకు ముందే చెప్పవచ్చు. కాలేజీల్లో కాంక్రీటు గురించి నాలుగేళ్లు చెబుతారు గానీ దీని గురించి ఒక్క గంట కూడా చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ దగ్గరి రైలుతోనే మొదలుపెడదాం. మనోహరాబాద్–కొత్తపల్లి లైను పొడవు 151 కిలోమీటర్లు. 2006-07లో మంజూరైంది. శంకుస్థాపన జరిగింది 2016 ఆగస్టులో. సిద్దిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబరులో. ఇంత కాలం ఎందుకు పట్టిందంటే, ఇది రైల్వే ఒక్కటే డబ్బు పెట్టి వేసే లైను కాదు. ఒప్పందం ప్రకారం భూమి రాష్ట్రం ఉచితంగా ఇవ్వాలి, నిర్మాణ ఖర్చులో మూడో వంతు భరించాలి, రైలు నడిచాక మొదటి అయిదేళ్లు నష్టం వస్తే అదీ భరించాలి. ఇద్దరు అన్నదమ్ములు కలిసి బోరు వేయించుకోవడం మీరు చూసే ఉంటారు. ఒకరి దగ్గర డబ్బు సిద్ధంగా ఉన్నా, రెండో వారి వాటా అందేదాకా బోరు బండి గట్టు మీదే నిలబడుతుంది. వాటాల ప్రాజెక్టులన్నీ అంతే. హైదరాబాద్ లోకల్ రైళ్లు ఎంఎంటీఎస్ రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. నడికుడి–శ్రీకాళహస్తి లైనుకు ఆంధ్రప్రదేశ్ సగం ఖర్చుకు ఒప్పుకుంది. ఇలాంటి చోట ఉద్యోగం దీర్ఘకాలం ఉంటుంది, నిజమే. కానీ పని ఆగుతూ సాగుతూ నడుస్తుంది. రైల్వే ఇంజినీరుకు దానితో బాధ లేదు, జీతం ఆగదు. ఆ లైనులో ఒక వంతెన పని తీసుకున్న చిన్న సంస్థలో చేరినవారికి మాత్రం ప్రతి ఆగడమూ తెలుస్తుంది.

ఇక పల్లె రోడ్లు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనప్పుడు ఖర్చంతా కేంద్రానిదే. 2015-16 నుంచి మన రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగో దశ కింద దేశవ్యాప్తంగా 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలని, 70,125 కోట్ల రూపాయలు ఖర్చు చేయాలని అనుకున్నారు. అంత పెద్ద అంకెలు చూసి మురిసిపోకండి, నేనైతే ఇందులో చిన్న నిబంధననే చూడమంటాను. రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు దాని బాగోగులు చూడాలి. ఏ ఏడాది నిర్వహణకు ఎంత అన్నది ఒప్పందంలోనే రాసి ఉంటుంది. పని జరిగే చోట పరీక్షల ప్రయోగశాల ఉండాలి. శాఖ ఇంజినీర్ల తరవాత రాష్ట్ర స్థాయి నాణ్యతా పరిశీలకులు, వారి తరవాత జాతీయ స్థాయి పరిశీలకులు వచ్చి చూస్తారు. అంటే ఈ మూట విప్పాలంటే కాగితం సరిగ్గా ఉండాలి. కంకర, తారు పరీక్షలు చేసి నమోదు చేయడం, కొలతల పుస్తకం తప్పుల్లేకుండా రాయడం వచ్చిన కుర్రవాళ్లకు, అమ్మాయిలకు ఇక్కడ ఎప్పుడూ గిరాకీ. ఈ పని తక్కువదని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో కొత్తగా చదువు పూర్తిచేసినవారికి ఇంతకు మించిన బడి లేదు.

మీరు బండిలో పోయించుకునే ప్రతి లీటరు పెట్రోలులోనూ రోడ్ల కోసం వసూలు చేసే సెస్సు ఉంటుంది. 2000 నాటి చట్టం కింద ఏర్పడిన కేంద్ర రోడ్డు నిధికి ఇది ఆధారం. 2018లో దాని పేరులో మౌలిక సదుపాయాలు కూడా చేరాయి. అందులో కొంత రాష్ట్ర రహదారులకూ వస్తుంది. రోడ్లు భవనాల శాఖలో ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చేరితే ఈ నిధి కోసం ప్రతిపాదనలు తయారుచేయడం కూడా పనిలో భాగమే.

జాతీయ రహదారుల కాంట్రాక్టుల్లో మూడు రకాలు తెలిస్తే చాలు. మొదటిదానిలో ప్రభుత్వమే మొత్తం డబ్బు ఇస్తుంది, కాంట్రాక్టరు డిజైను చేసి కట్టి అప్పగిస్తాడు. రెండోదానిలో కట్టినవారు టోలు వసూలు చేసుకుని రాబట్టుకోవాలి. వాహనాల లెక్క తప్పితే మునిగిపోతారు, మునిగినవారూ ఉన్నారు. ఈ రెండింటి మధ్య 2016లో వచ్చింది హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి. నిర్మాణ సమయంలో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం సంస్థ అప్పో పెట్టుబడో తెచ్చుకుంటుంది. ఆ డబ్బును ప్రభుత్వం వడ్డీతో కలిపి పదిహేనేళ్లలో వాయిదాలుగా చెల్లిస్తుంది. రోడ్డు బాగుంటేనే వాయిదా. దీనివల్ల ఆ సంస్థలకు కేవలం రోడ్డు వేసేవారు చాలరు. బ్యాంకుకు లెక్క చెప్పగలిగేవారు, పదిహేనేళ్ల తరవాత ఆ తారు ఎలా ఉంటుందో అంచనా వేయగలిగేవారు కావాలి. పనిని ప్రభుత్వం తరఫున పర్యవేక్షించే కన్సల్టెన్సీల్లోనూ ఇలాంటివారికే అవకాశాలు. ట్రాఫిక్ సర్వే, అంచనాలు, కంప్యూటర్ మీద లెక్కలు. మీ సాఫ్ట్‌వేర్ కోరికకు కూడా ఇక్కడే చోటుంది, గమనించండి.

విదేశీ అప్పుతో కట్టేవి మరో మూట. హైదరాబాద్ బాహ్య వలయ రహదారి 158 కిలోమీటర్లలో కొంత భాగానికి జపాన్ సంస్థ జైకా రుణం వచ్చింది. ఇలాంటి రుణం ఇచ్చేవారు భూమి పోయినవారికి పరిహారం అందిందా, చెరువు దెబ్బతిన్నదా అని అడుగుతారు. అందుకే పర్యావరణం, పునరావాసం చూసే నిపుణులను తప్పక పెట్టుకోవలసి వస్తుంది. అదే రహదారిని 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్ల పాటు లీజుకు ఇచ్చారు. అంటే కట్టడం పూర్తయిన రోడ్డు మీద కూడా ముప్పయ్యేళ్ల ఉద్యోగాలు ఉంటాయన్నమాట.

ఇప్పుడు మీ బావమరిది సంగతి. ఆయన ఇరుక్కున్నది రంగంలో కాదు, వరసలో చివర నిలబడటంలో. డబ్బు ప్రభుత్వం నుంచి ప్రధాన కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టరుకు రావాలి. పైన ఒక నెల ఆలస్యమైతే కింద ఆరు నెలలు. అమ్మాయి ఉద్యోగిగా వెళ్తుంది, పెట్టుబడి పెట్టదు. అయినా చిన్న సంస్థల్లో జీతాలు ఆగడం నేను చూశాను, దాచను. అందుకే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు అడగమనండి: ఈ పనికి డబ్బు ఏ పథకం నుంచి వస్తోంది, ఇప్పటిదాకా ఎన్ని బిల్లులు పాసయ్యాయి? తడుముకున్నారంటే మరో చోటు చూసుకోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏఈఈ పరీక్షలు, యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ఉన్నాయి. ఎంటెక్ ప్రవేశానికి పనికొచ్చే గేట్ పరీక్ష ఎలాగూ రాయించండి. వరంగల్ ఎన్‌ఐటీలో రవాణా ఇంజినీరింగ్‌లో ఎంటెక్ ఉంది, మీకు దూరం కూడా కాదు. సైటు ఉద్యోగంలో అమ్మాయిలకు బస, రాత్రి పని విషయంలో ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. వీటి గురించి చేరకముందే అడగడం తప్పు కాదు. డిజైను, ప్రయోగశాల, ప్రణాళికా విభాగాల్లో ఆ ఇబ్బంది తక్కువ.

కోర్సు ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. వచ్చే సెలవుల్లో మీ చుట్టుపక్కల సడక్ యోజన రోడ్డు ఒకదాని దగ్గరికి అమ్మాయిని తీసుకెళ్లండి. పక్కన బోర్డు ఉంటుంది: ఖర్చు, పని ముగిసిన తేదీ, అయిదేళ్ల నిర్వహణ మొత్తాలు. రోడ్డు మీద గుంతలుంటే అయిదేళ్లు అయ్యాయో లేదో ఆ బోర్డు చూసి ఆమెనే చెప్పమనండి. బావమరిదిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన చెప్పగలిగింది నా ఉత్తరంలో లేనిది చాలా ఉంటుంది.