ఇంట్లో వాళ్ళు నాకు ఏదీ చెప్పరు బాబాయ్

(మిలట్రీలో పాతికేళ్ళు పనిచేసి రిటైరై గుంటూరులో ఉంటున్న బాబాయ్, జవాన్లకీ వాళ్ళ ఇంట్లో వాళ్ళకీ జవాబులు చెప్పే పేజీ)

ప్రశ్న: బాబాయ్ గారూ నమస్తే. మాది విజయవాడ సింగ్ నగర్. నేను అగ్నివీర్‌ని (ఆర్మీలో నాలుగేళ్ళ సర్వీసు), 2023 జనవరి బ్యాచ్, ఇప్పుడు ఉత్తరాదిలో పీస్ స్టేషన్లో, అంటే సరిహద్దు డ్యూటీ లేని చోట ఉన్నా. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "మన వీధిలోకి రాలేదు నాన్నా" అంది. గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు దిగారని టీవీలో చూసి అది మా ఊరే అని బ్యారక్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నా, తీరా లీవ్‌కి వెళ్తే గోడ మీద నా ఛాతీ ఎత్తున నీటి మరక ఉంది. మా వాళ్ళు మూడు రోజులు పక్కింటి డాబా మీదే ఉన్నారంట. అప్పుడు ఏమీ అనలేదు. మొన్న నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు, ఇరవై రోజుల తర్వాత అక్క నోరు జారితే తెలిసింది. అడిగితే "నీ పని పాడవుతుందని చెప్పలేదు" అంటున్నారు. చుట్టాలేమో "పీస్‌లోనేగా, ఏం పని ఉంటది" అంటారు. వారం నుంచి ఇంటి ఫోన్ ఎత్తట్లేదు. నాది తప్పా?

జవాబు: అబ్బాయ్, స్టెంట్ సంగతి దాచడం ఇంట్లో వాళ్ళ తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఫోన్ ఎత్తకపోవడం మాత్రం నీ తప్పు, ఈ పేజీ చదవగానే ముందు అమ్మకి ఫోన్ చెయ్యి, మిగతాది తర్వాత చదువుకో.

మా కాలంలో ఇంకోలా ఉండేది. 1990ల్లో నేను ఝాన్సీ దగ్గర బబీనాలో ఉండేవాణ్ణి, అదీ పీస్ స్టేషనే. మాది తెనాలి పక్కన పల్లెటూరు, ఇంటి నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది, "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలు. నాన్న మంచం పట్టిన రెండు నెలలూ అదే రాశారు. ఆఖరికి టెలిగ్రామ్ వచ్చింది, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీలో నిలబడి వచ్చాను, దిగేసరికి అంతా అయిపోయింది, కర్మకాండ మాత్రమే మిగిలింది. మా అమ్మ కూడా నీ మంచికే అంది. ఇప్పటికీ ఆ ఉత్తరాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, తీసి చదవబుద్ధి కాదు.

ఇంకో సంగతి, ఆ రోజుల్లో ఏమీ లేకపోయినా "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియెట్లీ" అని టెలిగ్రామ్ ఇప్పించి లీవ్ తెచ్చుకునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, దాంతో నిజంగా తల్లి మంచాన పడ్డవాణ్ణి కూడా అనుమానంగా చూసేవాళ్ళు. 2013 జూలైలో ఆ టెలిగ్రామే పోయింది, ఇప్పుడు హాస్పిటల్ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే నిమిషంలో నీ చేతిలో ఉంటుంది, అది తీసుకుని నీ కంపెనీ (యూనిట్‌లో నీ దళం) హవల్దార్ మేజర్ దగ్గరకి, సీనియర్ జేసీవో (సుబేదార్ స్థాయి అధికారి) సాబ్ దగ్గరకి, అక్కడి నుంచి కంపెనీ కమాండర్ ముందుకి వెళ్తే తండ్రికి గుండె ఆపరేషన్ అన్నాక కాదనేవాళ్ళు అరుదు. కానీ నీకు తెలిస్తేనేగా నువ్వు అడిగేది! అగ్నివీర్‌కి ఏడాదికి 30 రోజులే లీవ్, మామూలు జవాన్‌కి 60 రోజులు యాన్యువల్, 30 క్యాజువల్ ఉంటాయి, కాబట్టి ఆ 30 ఒక్కసారే వాడేసుకోకు, పెళ్ళిళ్ళకీ పండగలకీ ఎంత లాగినా వారం పది రోజులు ఇలాంటివాటికి అట్టే పెట్టుకో.

ఇక నిన్నొకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. నువ్వు ఇంటికి నిజం చెప్తున్నావా? అమ్మ "తిన్నావా" అంటే తిన్నా అంటావు, "ఎలా ఉన్నావ్" అంటే బానే ఉన్నా అంటావు, అంతేగా. చీకటితో లేచి పీటీకి వరసలో నిలబడటం, వీపున బరువేసుకుని ఐదు కిలోమీటర్లు టైం లోపల పరిగెత్తే టెస్టు, కాలికి బొబ్బలు, పగలంతా ట్రైనింగో ఫటీకో (క్యాంపు చాకిరీ) బండ్ల మెయింటెనెన్సో, సాయంత్రం గేమ్స్, రోల్‌కాల్, దాని మీద రాత్రి రెండింటికి గార్డ్ డ్యూటీ వస్తే చలిలో రైఫిల్ పట్టుకుని రెండు గంటలు నిలబడటం, పొద్దున్నే మళ్ళీ అదే పీటీ, ఇవి ఎప్పుడన్నా చెప్పావా? చెప్పి ఉంటే చుట్టాలు పీస్‌లో ఏం పని అనరు. పీస్ అంటే మళ్ళీ ఫీల్డ్‌కి, అంటే సరిహద్దు లాంటి చోటికి వెళ్ళేదాకా తయారయ్యే చోటని మనం చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది. యూనిట్ ఎక్కడుంది, ఎటు కదులుతుంది అన్నవి ఎలాగూ ఫోన్‌లో చెప్పకూడదు, అది వేరే, కానీ కాలు నొప్పిగా ఉందని అమ్మకి చెప్పడం రహస్యమేం కాదు. నువ్వు ఇక్కడ దాస్తున్నావు, వాళ్ళు అక్కడ దాస్తున్నారు, రోజూ పది నిమిషాలు మాట్లాడుకుంటారు, ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

చెల్లెమ్మా, ఇది వాడి అమ్మగారైన మీకు, వాడు ఈ పేజీ మీకు పంపిస్తాడని రాస్తున్నా. నాలుగేళ్ళయ్యాక 25 శాతం వరకే ఉంచుతారని, వాడి బుర్ర చెదిరితే ఆ లిస్టులో పేరు ఉండదేమో అని మీ భయం, నాకు అర్థమైంది. కానీ అక్కడ చూసేది నాలుగేళ్ళ పనితీరు, తండ్రి కోసం వారం లీవ్ పెట్టాడని పేరు కొట్టేయరమ్మా. మీ దగ్గర కష్టం లేదనుకున్న పిల్లాడు ధైర్యంగా ఉంటాడనుకుంటున్నారు, నిజానికి ఇప్పుడు మీరు "అంతా బాగుంది" అన్న ప్రతిసారీ వాడికి ఆ గోడ మీద మరకే గుర్తొస్తుంది.

అబ్బాయ్, అక్కతో ఒప్పందం చేసుకో. హాస్పిటల్, అప్పు, ఇంటికి ప్రమాదం, ఈ మూడూ అదే రోజు చెప్పాలి, అమ్మ వద్దన్నా సరే. నీ ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఎవరికి చెయ్యాలో ఆ నంబర్ అక్క దగ్గర ఉంచు. నాన్నకి స్టెంట్ తర్వాత మందులు ఆపకూడదు, రోజూ రాత్రి ఫోన్ చేసినప్పుడు "వేసుకున్నావా నాన్నా" అని నువ్వే అడుగు, కొడుకు అడిగితే మానడు.

ప్రశ్న: ఆర్మీలో ఉన్న మా తమ్ముడికి పండక్కి అరిసెలు, గోంగూర పచ్చడి పంపాలి. కొరియర్ వాళ్ళు వాడి ఏపీవో అడ్రస్‌కి పార్సిల్ తీసుకోం అంటున్నారు. ఎలా? (గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక అక్క)

జవాబు: ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు, కేరాఫ్ 56 ఏపీవో, 99 ఏపీవో అని ఉండే అడ్రస్‌లకి ప్రైవేట్ కొరియర్ వెళ్ళదమ్మా, పోస్టాఫీసుకే వెళ్ళాలి. నంబర్, ర్యాంక్, పేరు, యూనిట్, ఏపీవో, 9తో మొదలయ్యే పిన్ కోడ్ తప్పుల్లేకుండా రాయండి, ఊరి పేరు రాయక్కర్లేదు. అరిసెలు ఆగుతాయి. గోంగూర మాత్రం నూనె కారి పక్క పార్సిళ్ళన్నీ పాడుచేస్తుంది, దాని బదులు కందిపొడి, కారప్పొడి పంపండి, లంగర్లో (ఆర్మీ వంటశాల) పప్పూ రోటీ తిని తిని ఉన్న పిల్లాడికి అన్నం రోజున ఆ పొడి ముద్ద చాలు. కొంచెం ఎక్కువే పెట్టండి, తమ్ముడొక్కడే తినడు, ఆ బ్యారక్‌లో తెలుగువాళ్ళందరూ చెయ్యి పెడతారు.