చర్చి కాంపౌండ్‌లో రెండు గదులు

కాందిశీకుల కుటుంబాలకు అద్దె ఇళ్ళు దొరకటం లేదని కిందటి సంచికలో నేను రాసిన రెండు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పెళ్ళి సంబంధాలు, ఆస్తి తగాదాల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు ఆపి, ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది కావలి దగ్గర. మా చర్చి కాంపౌండ్‌లో ఒకప్పుడు బైబిల్ ఉమన్ (ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే సేవకురాలు) కాపురమున్న రెండు గదులు ఆరేళ్ళుగా తాళమేసి ఉన్నాయి. తమిళనాడులోని గుమ్మిడిపూండి శరణార్థుల క్యాంపులో పుట్టి పెరిగిన శ్రీలంక తమిళ కుటుంబం ఒకటి ఇల్లు వెతుక్కుంటోంది. ఆయన పెయింటింగ్ పని చేస్తాడు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. హిందువులు. ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదు. స్త్రీల సమాజం తరఫున మేం ఆ గదులు ఇద్దామన్నాం. సంఘ పెద్దల్లో సగం మంది ఆదివారం ఆరాధనకు వస్తామంటేనే ఇద్దామంటున్నారు, మిగతా సగం మంది పోలీసులతో తలనొప్పి ఎందుకంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇవ్వండి తల్లీ. అయితే తాళం తీసే ముందు ఒక పని, తాళం చెవి చేతికిచ్చేటప్పుడు ఇంకో పని ఉంది.

ముందు పోలీసుల సంగతి. పెద్దలు భయపడటంలో తప్పులేదు, కానీ భయపడి ఊరుకుంటే ఎట్లా, వెళ్ళి అడగాలి. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం మనకు విడిగా చట్టం కూడా లేదు, కాబట్టి కాగితాల మీద వాళ్ళు విదేశీయులే. 1987 జూలై 1 తర్వాత పుట్టిన బిడ్డ ఈ నేల మీదే పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా భారత పౌరులు కాకపోతే పౌరసత్వం రాదు. ఆ పెయింటరు శ్రీలంకను కళ్ళతో చూసి కూడా ఉండడు, అయినా కార్డు మీద శ్రీలంక వాడే. ఇది తలుచుకుంటే నాకు కడుపులో తిప్పినట్టవుతుంది. విదేశీయుల సంగతి చూసే కొత్త చట్టం, ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్, 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. 2015 జనవరి 9 లోపు ఇక్కడికొచ్చి పేరు నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్ష పడకుండా కేంద్రం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మొదట వాళ్ళ రిజిస్ట్రేషన్ కార్డు చూడండి. క్యాంపులో పేరున్న కుటుంబమైతే అక్కడి అధికారుల అనుమతి లేకుండా బయట కాపురం పెట్టకూడదు. క్యాంపులో తనిఖీ రోజున మనిషి లేకపోతే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు ఆగిపోతుంది. ఆ అనుమతి కాగితం, కార్డు నకళ్ళు పెట్టుకుని, వాళ్ళు దిగిన 24 గంటల్లోపు విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. జిల్లాల్లో ఆ పని చూసేది ఎస్పీ ఆఫీసే. ఒక్కరిని పంపకండి, పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి మీరు కలిసి వెళ్ళండి. దాచిపెట్టి ఇల్లిస్తే రేపు ఇబ్బంది పడేది మీకంటే ఎక్కువ వాళ్ళే.

ఇక ఆరాధన షరతు. ఈ మాట చెప్పిన పెద్దల్ని ఒంగోలు దాకా తీసుకెళ్ళి బకింగ్‌హామ్ కాలువ చూపించాలని ఉంది నాకు. 1876–78 కరువులో జనం రోడ్ల పక్కన రాలిపోతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుగా తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా పని చూపించి కూలి ఇచ్చాడు. ఆ తట్టలు మోసిన వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళలో ఎంతోమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బులు నడుస్తున్నన్నాళ్ళు, ఏడాదికి పైగా, ఎవరికీ ఇవ్వలేదు, ఎందుకంటే ఆకలి మీద ఉన్న మనిషి చెప్పే 'సరే'ని నమ్మకూడదని ఆయనకు తెలుసు. సాయం పనులు అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం గానీ, దానికి ముందు ఆయన ఆగిన ఆ ఏడాది గురించి ఎవరూ చెప్పరు. నెత్తి మీద కప్పు లేని మనిషిని 'ఆరాధనకు వస్తావా' అని అడిగితే వస్తాననే అంటాడు, పిల్లల కోసం ఇంకేమైనా అంటాడు. తాళం చెవి ఇచ్చేటప్పుడు పెద్దలందరి ముందూ మీరే చెప్పండి, 'మీ దేవుడి పటం గోడకు పెట్టుకోండమ్మా, మేకులు కావాలంటే మేమిస్తాం' అని. ఆ ఒక్క మాటతో ఆ ఇల్లు వాళ్ళదవుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను కందుకూరు ప్రాంతంలో ఒక సంఘానికి ట్రెజరర్‌ని. ఇలాంటి కుటుంబాలకు ఉచితంగా ఇవ్వడమే కదా ధర్మం? అద్దె తీసుకుంటే వ్యాపారం అనరా?

జవాబు: తీసుకోండి. తక్కువ తీసుకోండి, కానీ తీసుకోండి. నా చిన్నప్పుడు, అరవైల్లో, నెల్లూరులో మా ఇంటి పక్క గది రంగూన్ నుంచి తిరిగొచ్చిన ఒక తెలుగు కుటుంబానికి మా అమ్మ ఇచ్చింది. బర్మాలో 1962లో సైన్యం వచ్చాక దుకాణాలన్నీ ప్రభుత్వం లాగేసుకుంది, కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చారు. అమ్మ అద్దె వద్దంది. ఆవిడ పది రూపాయలు అమ్మ చేతిలో పెట్టి, 'ఇది తీసుకోకపోతే మీ గుమ్మం ముందు నుంచి తల ఎత్తుకుని ఎట్లా నడవమంటావక్కా' అంది. నాకు ఏడేళ్ళు, ఆ గొంతు ఇప్పటికీ వినపడుతుంది.

ఎంత తీసుకోవాలంటే వాళ్ళ రాబడి చూసి. తమిళనాడు క్యాంపుల్లో 2021లో పెంచాక కుటుంబ పెద్దకు నెలకు 1,500, మిగతా పెద్దవాళ్ళకు 1,000, పిల్లలకు 500 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బు వాళ్ళకు ఇంకా వస్తుంటే అది, దాని మీద ఆయన కూలి. వానలొస్తే పెయింటింగ్ పని ఉండదు, ఆ నెలల్లో అద్దె సగం చేస్తామని ముందే కాగితం మీద రాయండి, అప్పుడు ప్రతిసారీ వచ్చి బతిమాలుకునే పని తప్పుతుంది. అడ్వాన్స్ ఒక నెలది చాలు. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించండి, ప్రతి నెలా రసీదు ఇవ్వండి. మనకు రసీదంటే చిన్న చీటీ. వాళ్ళకు మాత్రం ఈ ఊళ్ళో కాపురముంటున్నామని చూపించుకునే కాగితం అదొక్కటే కావచ్చు.

ప్రశ్న: ఇదంతా డబ్బున్న విదేశీ చర్చిలు చేసే పని. ఆత్మకూరు పక్కన మా పల్లె సంఘానికి మందిరం పైకప్పు వేయించుకోవటానికే దిక్కులేదు. పైగా మన వాళ్ళకే ఇళ్ళు లేవు కదా?

జవాబు: అయ్యా, రెండో మాటకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. మీ సంఘంలో నిలువ నీడ లేని వితంతువు ఉంటే ఆ గది ముందు ఆమెకే ఇవ్వండి, దాంట్లో నాకు వాదన లేదు. కానీ నేను చూసినంతవరకు ఈ మాట వచ్చేది గది ఖాళీగా పడి ఉన్నప్పుడే. కాందిశీకులు రాక ముందు ఆ గదికి తాళం వేసి ఉంది, వాళ్ళను పొమ్మన్నాక కూడా తాళం వేసే ఉంటుంది, మన వాళ్ళకూ అందదు.

డబ్బు సంగతికి మిజోరం చూడండి. అది ధనిక రాష్ట్రం కాదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ ప్రజలు సరిహద్దు దాటి వేల మంది వచ్చారు. వాళ్ళను రానివ్వొద్దని కేంద్ర హోంశాఖ మార్చిలో రాసింది, వాళ్ళు మా రక్తసంబంధీకులు, మేం చూస్తూ ఊరుకోలేమని అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి తిరిగి రాశారు. ఊళ్ళలో చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ కలిసి పాకలు వేయించాయి, బియ్యం, బట్టలు పోగు చేశాయి. తర్వాత 2023లో మణిపూర్ గొడవల్లో ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళూ అక్కడికే చేరారు. మిజో ఇళ్ళలో అన్నం వండే ప్రతిసారీ చర్చి కోసం గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టే అలవాటు వందేళ్ళకు పైగా ఉంది. మన స్త్రీల సమాజాల్లో పిడికెడు బియ్యం లేదా? అదే ఇది. ఒక కుటుంబానికి మొదటి మూడు నెలలు గడవటానికి మీ పిడికెడు బియ్యం డబ్బా చాలు. పైకప్పు ఎటూ వేయించుకుంటారు.

ప్రశ్న: మాది నెల్లూరు. మా అమ్మాయి కెనడాలో ఉంటుంది. వాళ్ళ చర్చిలో కొంతమంది కలిసి ఒక ఆఫ్ఘన్ కుటుంబాన్ని స్పాన్సర్ చేస్తున్నారట, ఇదీ సంతకం పెట్టింది. రేపు వాళ్ళు అప్పులు చేస్తే మా పిల్ల మెడకు చుట్టుకుంటుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

జవాబు: అప్పుల భయం వదిలేయండమ్మా. వాళ్ళు సొంతంగా చేసే అప్పులకు స్పాన్సర్లు పూచీ కాదు. కానీ సంతకం ఉత్తుత్తిది కూడా కాదు. సాధారణంగా 12 నెలల పాటు ఆ కుటుంబానికి ఇల్లు, తిండి, బట్టలు, ఇంకా డాక్టరు దగ్గరికి, బడికి, బస్సు ఎక్కటానికి కూడా తోడుండే బాధ్యత ఆ గుంపుది. మధ్యలో మనసు మారిందని వదిలేయటం కుదరదు. అక్కడ ఇది కొత్త కాదు. 1979 మార్చిలో మెనొనైట్ సంఘం వాళ్ళు ప్రభుత్వంతో మొదటి ఒప్పందం చేసుకున్నారు, 1979–80లో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన 60,000 మందిలో సగానికి పైగా ఇలా చర్చిలు, ఇరుగుపొరుగు గుంపులు పిలిపించుకున్నవాళ్ళే. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ శరణార్థులకు చేసిన సేవకు ఇచ్చే నాన్సెన్ పతకాన్ని కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చింది.

అక్కడ అన్నింటికంటే బరువు ఇంటి అద్దె. టొరంటో, వాంకూవర్‌లలో రెండు గదుల ఇల్లు కూడా కొత్తగా దిగిన కుటుంబానికి అందే ధరలో ఉండదు, అందుకే కొన్ని చర్చిలు తమ చేతిలో ఉన్న ఇళ్ళను తక్కువ అద్దెకు ఇస్తున్నాయి. మీ అమ్మాయిని ఒక్కటే అడగండి, పదమూడో నెల అద్దె ఎట్లా కడతారో వాళ్ళ గుంపు ఇప్పుడే ఆలోచించిందా అని. అది ఆలోచించి ఉంటే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఇంకో మాట, మీ పిల్ల మొదటిసారి ఆ దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చారో గుర్తుందా? ఎవరో ఒక తెలుగు కుటుంబం వచ్చే ఉంటుంది, మొదటి వారం వాళ్ళింట్లోనే అన్నం తిని ఉంటుంది. ఇప్పుడు అదే పని ఇది చేస్తోంది, మీరు పెంచిన పిల్లే కదా.

ప్రశ్న: (కావలి సోదరి ఉత్తరం చివర్లో రాసింది) ఆ ఇద్దరు పిల్లలకు తెలుగు రాదు, పుట్టిన తేదీ కాగితాలు కూడా సరిగా లేవు. బడిలో చేర్చుకుంటారా?

జవాబు: చేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి బిడ్డ అంటుంది, వయసు కాగితం లేదని చేర్చుకోకుండా పంపకూడదని కూడా స్పష్టంగా ఉంది. వాళ్ళ అమ్మను ఒక్కదాన్నే పంపకండి, ఆఫీసు గదిలో భాష రాక నిలబడిపోతుంది. మీరూ, తమిళం వచ్చినవాళ్ళు ఎవరైనా వెంట వెళ్ళండి, కావలిలో తమిళం మాట్లాడేవాళ్ళకు కరువా? సాయంత్రాలు ఒక గంట మీ యూత్ పిల్లల్లో ఎవరినైనా కూర్చోబెట్టి అక్షరాలు నేర్పించండి. వేసవి సెలవుల దాకా ఆగొద్దు, సోమవారమే వెళ్ళండి.