జీపీఏ బాగానే ఉంది, ఎయిడ్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డు ఉంది. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో మేనేజర్, నేను డేకేర్‌లో పనిచేస్తాను. మా అమ్మాయి ఇక్కడ ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో బయాలజీ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం), ఫెడరల్ లోన్ మీదే చదువు నడుస్తోంది. ఫాల్‌లో, అంటే ఆగస్టు-డిసెంబరు సెమిస్టర్‌లో, 15 క్రెడిట్లు తీసుకుంటే 4 క్రెడిట్ల కెమిస్ట్రీ పోయింది. జనవరిలో గుంటూరులో మా అత్తగారు చనిపోయారు. చిన్నప్పుడు పిల్లను పెంచింది ఆవిడే. వెళ్ళి వచ్చాక సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు. క్యాంపస్ కౌన్సెలర్ డిప్రెషన్ అన్నారు. స్ప్రింగ్‌లో 16 క్రెడిట్లలో మ్యాథ్స్, మళ్ళీ తీసుకున్న కెమిస్ట్రీ, మొత్తం 8 క్రెడిట్లు వదిలేసి డబ్ల్యూలు (కోర్సు మధ్యలో వదిలినట్టు రికార్డులో పడే గుర్తు) తెచ్చుకుంది. డబ్ల్యూతో జీపీఏ తగ్గదని అడ్వైజర్ చెప్పారట. నిజమే, జీపీఏ 2.8 ఉంది. అయినా ఇప్పుడు జూన్‌లో ఎయిడ్ సస్పెండ్ చేశామని ఈమెయిల్ వచ్చింది. మా ఆయన ఫోన్ చేస్తే ఏమీ చెప్పడం లేదు. అప్పీల్ రాయమన్నారు. డిప్రెషన్ సంగతి రాస్తే రేపు మెడికల్ స్కూలుకో, పెళ్ళి సంబంధానికో అడ్డొస్తుందని మా ఆయన భయం. ఏం రాయమంటారు?
— ఒక తల్లి, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. ఫెడరల్ ఎయిడ్ తీసుకునే విద్యార్థి చదువు సరిగ్గా సాగుతోందా లేదా అని కాలేజీ తప్పనిసరిగా చూడాలి. దీన్ని శాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అంటారు, నేను పనిచేసే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ‘శాప్’ అంటాం. అందులో జీపీఏ ఒక్కటే ఉండదు. తీసుకున్న క్రెడిట్లలో ఎన్ని పూర్తి చేశారన్నది కూడా చూస్తారు. దాన్ని పేస్ అంటారు. మీ అమ్మాయి రెండు సెమిస్టర్లలో 31 క్రెడిట్లు తీసుకుంది, 19 పూర్తి చేసింది. అంటే 61 శాతం. చాలా కాలేజీల్లో 67 ఉండాలి. డబ్ల్యూ జీపీఏలోకి రాదు గానీ, ‘తీసుకున్నవి’ అన్న లెక్కలోకి వస్తుంది, ‘పూర్తి చేసినవి’ అన్న దాంట్లోకి రాదు. ఎయిడ్ ఆగింది అక్కడే.

ఈ 67 ఊరికే పెట్టిన అంకె కాదు. డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలో దానికి ఒకటిన్నర రెట్లు దాటకుండా పూర్తి చేయాలన్నది ఫెడరల్ నిబంధన. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 180 దాటకూడదు. 180లో 120 అంటే మూడింట రెండొంతులు. మొదటి సంవత్సరం నుంచే ఆ వేగంతో నడుస్తున్నారా అని చూస్తారన్నమాట.

అడ్వైజర్ చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. వాళ్ళు డిగ్రీ వైపు నుంచి చూస్తారు, మేము డబ్బు వైపు నుంచి చూస్తాం. మధ్యలో పద్ధెనిమిదేళ్ళ పిల్ల నలిగిపోతుంది. నేను టెక్సస్‌లోనే ఒక యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అప్పీల్ ఫైళ్ళు చూస్తాను. కోర్సు వదిలే ఫారం మీదే ‘దీనివల్ల మీ ఎయిడ్ పోవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో రాయాలని నా గట్టి అభిప్రాయం. టెక్సస్‌లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో క్లాసులు జరిగే రోజుల్లో పన్నెండోదాన్ని సెన్సస్ డే అంటారు. ఆ లోపు వదిలిన కోర్సు రికార్డులోకే రాదు. ఆ తర్వాత వదిలితే డబ్ల్యూ పడుతుంది. పైగా ఇక్కడి ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి అలా వదలకూడదన్న చట్టం వేరే ఉంది.

ముందుగా హెచ్చరిక ఎందుకు ఇవ్వలేదని మీకు కోపం రావచ్చు. ప్రతి సెమిస్టర్ చివర శాప్ చూసే కాలేజీలకే వార్నింగ్ ఇచ్చి ఇంకో సెమిస్టర్ ఎయిడ్ కొనసాగించే వీలుంది. ఏడాదికి ఒకసారి చూసే కాలేజీకి ఆ వీలు లేదు. నేరుగా సస్పెన్షనే. మీ అమ్మాయి కాలేజీ రెండో రకమై ఉంటుంది.

ఇప్పుడు అప్పీల్. బంధువు మరణం, విద్యార్థి అనారోగ్యం లేదా గాయం, ఇతర ప్రత్యేక పరిస్థితులు: ఈ కారణాల మీద అప్పీల్ చేసుకోవచ్చని ఫెడరల్ నిబంధనే చెబుతోంది. అందులో ‘బంధువు’ అనే ఉంది. నాయనమ్మ పరాయిది కాదు. కానీ మన పిల్లల ఉత్తరాలు చదువుతుంటే నాకు బాధేస్తుంది. ‘కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల సరిగ్గా చదవలేకపోయాను, ఇకపై కష్టపడి చదువుతాను, దయచేసి అవకాశం ఇవ్వండి’ అని రాస్తారు. ఇంట్లో ఎవరో పోయి ఉంటారు, తండ్రి ఉద్యోగం ఊడి ఉంటుంది, పిల్ల నెలల తరబడి మంచం దిగి ఉండదు. ఆ సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు. పరువు కోసం దాచిన ఆ ముక్కే అప్పీల్‌కు ఆధారం. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న మాటకు ఏ రుజువు జతచేస్తారు? కమిటీ దేన్ని చూసి సరే అనాలి?

ఉత్తరం మీ అమ్మాయే రాయాలి, తన మాటల్లో. రెండు విషయాలు తప్పకుండా ఉండాలి: ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది. మొదటి దాంట్లో తేదీలు ఇవ్వండి. నాయనమ్మ ఏ రోజు పోయారు, తను ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది, కౌన్సెలర్‌ను ఎప్పుడు కలిసింది. మరణ ధ్రువీకరణ పత్రం, విమానం టికెట్లు జతచేయండి. పత్రం తెలుగులోనే ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కెమిస్ట్రీ పోయింది ఫాల్‌లో, నాయనమ్మ పోయింది జనవరిలో. కమిటీ వాళ్ళు ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండు సెమిస్టర్లనూ ఒకే కారణం కిందికి నెట్టేస్తే ఉత్తరం మొత్తం మీద నమ్మకం పోతుంది. ఫాల్‌లో ఏమైందో విడిగా రాయమనండి. హైస్కూలు అలవాట్లతో చదివి దెబ్బతిన్నదా, ల్యాబ్ అందుకోలేకపోయిందా, అప్పటికే మనసు బాగాలేదా? ఏది నిజమైతే అదే రాయాలి. మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్సు పోవడం మాకు కొత్త విషయమేమీ కాదు.

‘ఏం మారింది’ అన్నది చాలామంది రెండు లైన్లలో తేల్చేస్తారు. నేను ఫైలు తెరిస్తే ముందు వెతికేది అదే. కౌన్సెలింగ్ కొనసాగుతోందా, ఈ ఫాల్‌లో ఎన్ని క్రెడిట్లు తీసుకుంటుంది, కెమిస్ట్రీ మళ్ళీ ఎప్పుడు, దానికి ట్యూటరింగ్ ఎక్కడ? ‘కష్టపడతాను’ కన్నా ‘12 క్రెడిట్లే తీసుకుంటాను, ట్యూటరింగ్ సెంటర్‌కు ఫలానా రోజుల్లో వెళ్తాను’ అన్న మాటకు బలం ఎక్కువ.

మీవారి భయం నాకు అర్థమవుతుంది. ఆయనకు ఇది చెప్పండి: అప్పీల్ సంగతి ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఎక్కడా కనబడదు. మెడికల్ స్కూలు వాళ్ళు చూసేది ఆ ట్రాన్‌స్క్రిప్టే, అందులో ఎఫ్, డబ్ల్యూలు ఎలాగూ ఉన్నాయి. పెళ్ళి సంబంధం వాళ్ళు వచ్చి అడిగితే కాలేజీ ఫైలు తీసి చూపించదు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం అందుకే ఉంది. మీవారికి ఫోన్‌లో ఏమీ చెప్పకపోవడానికి కారణమూ అదే చట్టం: కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిది. అమ్మాయే ఫోన్ చేయాలి, లేదా మీతో మాట్లాడవచ్చని అనుమతి పత్రం మీద సంతకం చేయాలి. కౌన్సెలర్ లేఖలో జబ్బు వివరాలన్నీ అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి చికిత్సలో ఉంది, చదువు మీద దాని ప్రభావం పడింది, ఇప్పుడు చదువు కొనసాగించగలదు అని ఉంటే చాలు. ఎంతవరకు చెప్పాలన్నది మాత్రం మీ అమ్మాయి నిర్ణయం. మీది కాదు, ఆయనదీ కాదు.

ఇంకో దారి కూడా ఉంది. రెండో సమ్మర్ సెషన్‌లో కమ్యూనిటీ కాలేజీలో 6 క్రెడిట్లు చదివి పాసైతే, యూనివర్సిటీ వాటిని ఒప్పుకున్నాక రెండు లెక్కల్లోనూ చేరతాయి: 37కి 25, అంటే 67.6 శాతం. ఫీజు చేతి నుంచే పెట్టుకోవాల్సి రావచ్చు. ఆ కోర్సులు బదిలీ అవుతాయా, సమ్మర్ తర్వాత శాప్ మళ్ళీ చూస్తారా అని ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. కానీ పిల్ల ఇంకా కోలుకోలేదని కౌన్సెలర్ అంటే ఈ ఆలోచన మానేయండి. తొందరపడి ఇంకో డబ్ల్యూ తెచ్చుకుంటే ఉన్న లెక్క కూడా పాడవుతుంది.

అప్పీల్ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ ప్రొబేషన్ ఇస్తారు, ఎయిడ్ మళ్ళీ వస్తుంది. ఆ ఒక్క సెమిస్టర్‌లో 67 అందదనుకుంటే అకడమిక్ ప్లాన్ రాసిస్తారు. అందులో ‘డబ్ల్యూ ఉండకూడదు’ అని ఉంటే, ఒక్క కోర్సు వదిలినా ఎయిడ్ ఆగిపోతుంది. ఫాల్ ఫీజు గడువు లోపు జవాబు రాకపోవచ్చు కాబట్టి వాయిదాల పద్ధతి ఉందేమో ఇప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: అట్లాంటాలో ఉంటాం. మావాడు ఇంజనీరింగ్, జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ ఉంది. శాప్ బాగానే ఉంది, జీపీఏ 2.9. హోప్ ఉంటుందా?
— ఒక తండ్రి, జార్జియా

జవాబు: శాప్, హోప్ రెండూ వేర్వేరు. హోప్‌కు 3.0 ఉండాలి. తీసుకున్న క్రెడిట్లు 30, 60, 90కి చేరినప్పుడు, ప్రతి స్ప్రింగ్ చివరా చూస్తారు. అయితే హోప్ జీపీఏ, కాలేజీ జీపీఏ ఒకటి కాదు. రాష్ట్రం గుర్తించిన కొన్ని సైన్స్, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల్లో బీ, సీ, డీ గ్రేడ్లకు అర పాయింటు కలుపుతారు. కాబట్టి 2.9 చూసి టెన్షన్ పడకండి. మీ అబ్బాయిని జీఏ ఫ్యూచర్స్ (GAfutures) వెబ్‌సైట్ అకౌంట్‌లో హోప్ జీపీఏ ఎంతుందో చూడమనండి.

ప్రశ్న: మేము హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాం, అబ్బాయి మా మీద ఆధారపడిన హెచ్-4. యూనివర్సిటీ మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఈ శాప్ మాకూ ఉంటుందా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: హెచ్-4 వాళ్ళకు ఫెడరల్ ఎయిడ్ రాదు కాబట్టి ఆ నిబంధన మీకు నేరుగా వర్తించదు. మీకు లెక్క స్కాలర్‌షిప్ ఇచ్చినప్పటి లేఖే. ఎంత జీపీఏ, ఏడాదికి ఎన్ని క్రెడిట్లు, సమ్మర్‌లో చదివినవి కలుస్తాయా, ఒకసారి తప్పితే మళ్ళీ ఇస్తారా: ఈ నాలుగూ అందులో లేకపోతే అడిగి రాతలో తీసుకోండి. అబ్బాయికి 21 నిండేలోపు ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాల్సి వస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. అప్పుడు సాధారణంగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అంతకన్నా తగ్గేలా కోర్సు వదలాలంటే ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి, వదిలేశాక కాదు.