నీ కథలో చూస్తున్నదెవరు?

అనంతపురం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. ఎండిన శెనక్కాయ చేను గట్టు మీద మీ నాన్న మట్టిగడ్డ తీసుకుని, నలిపి, అరచేయి పంచెకు తుడుచుకున్నాడని రాశావు. ఎంత బాగుందో! ఆ వెంటనే 'ఆయన గుండెలో అగ్నిపర్వతం బద్దలైంది' అన్నావు. అది నీకెలా తెలిసింది?

'మరీ సబ్జెక్టివ్‌గా ఉంది' అని పత్రికవాళ్లు తిప్పిపంపారని బాధపడ్డావు. నన్నడిగితే ఇంకా చాలినంత సబ్జెక్టివ్‌గా లేదు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో, అక్కణ్ణుంచి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో దానికి కట్టుబడటమే సబ్జెక్టివ్‌గా, అంటే ఆత్మాశ్రయంగా రాయడం.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నడిస్తే 'నేను నడిచాను' అంటావు. ఆకలైతే మాత్రం 'నాకు ఆకలేస్తోంది'. కోపం, చలి, భయం, జ్ఞాపకం అన్నీ 'నాకు' వచ్చేవే. ఎదుటివాడి ఆకలైతే 'వేస్తోందట', 'వేస్తున్నట్టుంది' అంటాం. ఆ చిన్న 'అట' దగ్గరే నీ హద్దు ఉంది. 'మా చేను ఎండిపోయింది' అంటే వినేవాడు గట్టు అవతల ఉంటాడు, 'మన చేను' అంటే ఇవతలికి వస్తాడు. నీ కథలో ఈ రెండూ కలగాపులగంగా ఉన్నాయి, చూసుకో.

ఎవరు పలికితే వాళ్లే 'నేను' అనీ, ఆ పలకడంలోనే మనిషికి తనదైన ఉనికి ఏర్పడుతుందనీ ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్త్ 1958లో వాదించాడు. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే మనస్తత్వశాస్త్రంలో తెలుసుకునే 'నేను'నీ, తెలియబడే 'నన్ను'నీ విడదీశాడు. 1974లో మరో అమెరికన్ తత్వవేత్త థామస్ నాగెల్ గబ్బిలాన్ని ముందుపెట్టాడు: దాని శరీరం గురించి ఎంత తెలిసినా, గబ్బిలంగా బతకడం దానికెలా ఉంటుందో మనకు అందదని. మన జిల్లాలో ఏడాదికి సగటున ఐదువందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఎవరు కొలిచినా అంతే. వాన రాని శ్రావణంలో మీ నాన్నకు రాత్రి ఎలా గడిచిందో ఏ కొలతకూ దొరకదు.

నా తొలి కథలో కరువునాటి మా అమ్మ మనసు నాలుగు పేజీలు రాశాను. చదివి వినిపిస్తే, చాటలో బియ్యం ఏరుతూ విని, 'నేనట్లా అనుకోలేదే నాయనా! సాయంత్రానికి కుండలో నీళ్లు చాలుతాయా అన్నదే నా దిగులు' అంది. ఆ ఒక్క మాట నా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఇప్పటికీ నాకది కష్టంగానే ఉంటుంది.

అగ్నిపర్వతం కొట్టేయి. ఇంటికొచ్చేటప్పుడు మీ నాన్న ముందు నడిచాడా, వెనకా? ఏమైనా మాట్లాడాడా? ఆ రోజు గట్టు మీద నువ్వెక్కడ కూర్చున్నావో కూడా కథలో లేదు. అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన