పాచి అను, కోట అనకు

అమ్మాయికి,

ఆశీస్సులు. బయోఫిల్మ్ మీద, అదే బాక్టీరియా జిగురులో గుంపుగా అతుక్కుని కట్టే పొర మీద, నువ్వు పంపిన వ్యాసం మొదటిసారి చదువుతూ "శత్రుదుర్భేద్యమైన కోట" దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. మర్నాడు మళ్ళీ తీస్తే, మీ తాతగారి యూరిన్ పైపు మార్చిన నర్సు గ్లవుజు వేలితో దాన్ని రుద్ది "చూడమ్మా, పాచి పట్టింది" అందన్న వాక్యం కనబడింది. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

అంత మంచి మాట చేతిలో ఉండగా కింది లైన్లోనే "జీవఫలకం" అని ఎందుకు రాశావు? పొద్దున్నే పళ్ళ మీద నాలుకకి తగిలేదీ, నాలుగు రోజులు తోమని బిందె లోపల జారేదీ అదేగా. బయోఫిల్మ్ అను, లేదా పాచి అను.

ఇక ఆ సైన్యాలూ సేనాపతులూ. ఈ విషయంలో నేను మొండివాణ్ణి. యుద్ధం మొదలెట్టగానే నువ్వు చూడటం మానేశావు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో సూడోమొనాస్ అనే బాక్టీరియా చేరి, ఆల్జినేట్ అనే జిగురు కప్పుకుని ముద్దలు కడుతుంది. క్రిముల్ని మింగే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, వచ్చి చుట్టూ మూగుతాయి. ముద్ద తమకన్నా పెద్దది, మింగుడుపడదు. మింగలేక లోపలి ఎంజైములు బయటికి కక్కేస్తాయి. వాటితో ఎక్కువ దెబ్బతినేది పాచి కాదు, పక్కనున్న మన కణజాలమే. బాక్టీరియా వదిలే రామ్నోలిపిడ్లనే సబ్బులాంటి పదార్థాలు తగిలి న్యూట్రోఫిల్స్ పగులుతాయి. వాటి డీఎన్ఏ ఆ జిగురులోనే కలిసి దాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. పైగా ఈ న్యూట్రోఫిల్స్ గుంపు అక్కడి ఆక్సిజన్ దాదాపు అంతా వాడేస్తుంది కనక లోపలి బాక్టీరియా పెరగకుండా మగతగా పడుంటాయి. పెరిగేవాటి మీదే బాగా పనిచేసే యాంటీబయాటిక్స్ వాటిని పెద్దగా ఏం చెయ్యలేవు. కోపెన్‌హేగన్‌లో నీల్స్ హోయిబీ అనే డాక్టరు 1970ల్లోనే ఇలాంటి రోగుల్ని చూశాడు. సూడోమొనాస్ మీద యాంటీబాడీలు, అంటే దాన్ని ఎదిరించడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రొటీన్లు, ఎక్కువగా ఉన్నవాళ్ళ పరిస్థితే అధ్వానంగా ఉండేది. ఇందులో ఎవరు ఎవరి కోటని ముట్టడించినట్టు?

నీ తప్పేం లేదులే, ఇది పాత జబ్బు. ఆస్పత్రి లాబ్‌లో పనిచేస్తూ నేను రాసిన మొదటి వ్యాసానికి ఒక వారపత్రిక ఎడిటర్ "దేహంలో కురుక్షేత్రం" అని పేరు పెట్టాడు. పక్కన విల్లు పట్టుకున్న తెల్లకణం బొమ్మ. నలభై రూపాయల మనియార్డర్. మా డాక్టరమ్మ చదివి, "క్రిములు బాణాలు కూడా వేస్తాయా, నాకు చెప్పలేదే" అంది. ఆ వారమంతా క్యాంటీన్ వైపు వెళ్ళలేదు. ఆ శీర్షిక ఇప్పటికీ ఎవడో ఒకడు పెడుతూనే ఉన్నాడు.

చూడటమంటే లీవెన్‌హుక్‌ది. హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి, సొంతంగా మైక్రోస్కోపులు చేసుకున్నవాడు. 1680ల్లో తన పళ్ళ పాచే గీకి చూసుకున్నాడు. వెనిగర్‌తో కడిగితే పైపైనున్న ప్రాణులే చచ్చాయి, అది పాచి లోపలిదాకా దిగలేదు అని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇవాళ మనం బయోఫిల్మ్ గురించి చెప్పేదాంట్లో సగం అందులోనే ఉంది.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ పైపుతో మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఎన్ని రోజులకి మార్చారు, రంగెలా ఉంది, చలిజ్వరం వచ్చిందా, నర్సు ఇంకేమంది. అన్నట్టు, తాతగారు ఇప్పుడెలా ఉన్నారు? మూడు పేజీల్లో ఆ ముక్క ఎక్కడా లేదు.

ఉంటాను.