పసుపు రంగు ఎంత పడింది?

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరానికి డిజైన్ స్టూడియో చెబుతున్నాను. పాత భవనాన్ని మళ్లీ వాడుకునే ప్రాజెక్టు ఇస్తే, పిల్లలు ముందు గోడ ఒక్కటి ఉంచి మిగతాదంతా కూల్చేసి అద్దాల డబ్బా గీసుకొస్తున్నారు. కర్బన ఉద్గారాల గురించి ఎంత చెప్పినా బొమ్మలోకి రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక అధ్యాపకురాలు, విజయవాడ

జవాబు: చెప్పడం తగ్గించి టేపు చేతికివ్వండి. మొదటి నాలుగు వారాలు కొత్త డిజైన్ గీత ఒక్కటీ గీయనివ్వకండి. కాలేజీకి దగ్గర్లో, యజమాని ఒప్పుకున్న మామూలు మేడ ఇల్లో, మూతపడిన గోడౌనో చాలు. కోటలు, దివాణాలు వద్దు. వాటిని ఎలాగూ ఎవరూ కూల్చమనరు.

ముగ్గురు ఒక జట్టు: ఒకరు టేపు సున్నా దగ్గర, ఒకరు అంకె చదవడానికి, ఒకరు రాయడానికి. ప్రతి గదికీ నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలూ కొలవాలి. పాత ఇళ్లలో మూలలు మూలమట్టానికి కుదరవు. గోడ వెంట తలుపు, కిటికీ, మూల అన్నీ ఒకే సున్నా నుంచి వరసగా చదవాలి. ముక్కముక్కలుగా కొలిస్తే, ముక్కకు 5 మి.మీ. చొప్పున పది ముక్కలకు 5 సెం.మీ. తేడా పడుతుంది. ఆ తేడాను విద్యార్థులు ఏదో ఒక గోడ మందంలో గుట్టుగా సర్దేస్తారు. 23 సెం.మీ. ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగుతో 26 దాకా వస్తుంది. బొమ్మలో ఒక్క గోడే 31 ఉంటే దొంగ దొరికినట్టే.

తర్వాత లెక్క. 100 చదరపు మీటర్ల స్లాబు, మందం 12.5 సెం.మీ. అనుకుందాం. కాంక్రీటు 12.5 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 8 బస్తాలు వేసుకుంటే 100 బస్తాలు, అంటే 5 టన్నుల సిమెంటు. ఘనపు మీటరుకు 80 కిలోల చొప్పున ఇనుము ఒక టన్ను. కిలో సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు తయారీకి సుమారు 0.85 కిలోలు, కిలో ఇనుముకు రెండు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఒక్క స్లాబుకే ఆరు టన్నులు దాటుతుంది. పాతది కూల్చి మళ్లీ పోస్తే ఈ ఆరు టన్నులు ఇంకోసారి. ఈ అంకెను విద్యార్థి తన చేత్తో తేల్చుకోవాలి, మీరు బోర్డు మీద రాసివ్వకూడదు.

మున్సిపల్ ప్లాన్లలో కూల్చేదానికి పసుపు, కొత్తదానికి ఎరుపు వేసే పద్ధతి ఉందిగా, జ్యూరీలో, అంటే బొమ్మలకు మార్కులు వేసే సమీక్షలో, అదే పెట్టండి. పసుపు పడిన ప్రతి చోటా పక్కన టన్నులు రాయాలి. నూటికి 30 మార్కులు కొలతలకు, లెక్కకు కేటాయించండి. మార్కులు లేని పనిని మూడో సంవత్సరం పిల్లలు చేయరు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

నమూనాకు ఫ్రాన్సులోని బోర్డోలో గ్రాండ్ పార్క్ అపార్టుమెంట్లు గీయించండి. 1960ల నాటి మూడు బ్లాకులు, 530 ఇళ్లు. లాకటాన్, వస్సాల్ జంట మరో ఇద్దరు ఆర్కిటెక్టులతో కలిసి వాటిని కూల్చకుండా, కాపురాలు సాగుతుండగానే, ముందు వైపు 3.8 మీటర్ల వరండా గదులు చేర్చింది. ఈ జంటకు 2021లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద గుర్తింపయిన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ప్రశ్న: పాత ఇంటిని లైబ్రరీగా మార్చే ప్రాజెక్టు చేస్తున్నాం. కాంక్రీటు గట్టిదనాన్ని పైనుంచి కొట్టి చూసే రిబౌండ్ హ్యామర్ అంకెలు బాగా వచ్చాయి. పుస్తకాల ర్యాకులు మేడ మీద పెట్టొచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. ఇంటి స్లాబును లెక్కగట్టేది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల బరువుకు, అంటే సుమారు 200 కిలోలకు. పుస్తకాల ర్యాకులకు భవనాల బరువుల ప్రమాణాల కోడ్ అడిగేది 6 కిలోన్యూటన్లు. ర్యాకులు కింద నేల మీద పెట్టి, చదువుకునే గది పైకి మార్చండి. దానికీ 3 కావాలి కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా తేల్చకండి.

ఇక హ్యామర్ సంగతి. గాలి తగిలి కార్బనేట్ అయిన కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. లోపల చువ్వలకు మాత్రం అదే ముప్పు. ఇంజినీరు చూపిన చోట అప్పుడే కొట్టిన ముక్క మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే చువ్వను తుప్పు నుంచి కాపాడే క్షారం మిగిలే ఉంది. రంగు రాని లోతు చువ్వ దాకా వెళ్లిందంటే తుప్పుకు దారి పడినట్టే. పెచ్చులూడిన చోటే కాకుండా, బాగున్నట్టు కనిపించే చోట కూడా చూడండి.

ప్రశ్న: డంగు సున్నంతో కట్టిన గోడకు సిమెంటు ప్లాస్టరింగు చేయిస్తే గట్టిగా ఉంటుంది కదా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఉండదు. సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. సిమెంటు దాన్ని బయటకు పోనివ్వదు. చెమ్మతో పాటు ఉప్పు పైకి వచ్చి, ప్లాస్టరింగు గుల్లగా మోగి, ఇటుక పొడితో సహా రాలుతుంది. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి రెండు పూతలు వేయించండి. మొదటి పూత పూర్తిగా బిగిశాకే రెండోది. తాపీ మేస్త్రి త్వరగా ఆరుతుందని గుప్పెడు సిమెంటు కలపబోతే ఆపండి. ఎక్కడైనా గోడ తీయక తప్పకపోతే ఆ ఇటుకలు దాచుకోండి. సున్నం పట్టిన ఇటుక సుత్తితో తడితే శుభ్రంగా విడిపోతుంది, సిమెంటు పట్టింది విరుగుతుంది.