అమ్మ గర్భసంచి నాకు అమర్చవచ్చా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయింది. నెలసరి ఎప్పుడూ రాలేదు. పుట్టుకతోనే గర్భసంచి లేదని, అండాశయాలు బాగానే ఉన్నాయని స్కానింగ్‌లో తేలింది. మా అమ్మకు 47 ఏళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ‘నాకింక దానితో ఏం పని, నా గర్భసంచి నీకు పెట్టించుకో’ అంటోంది. ఇది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: సాధ్యమే. మీకున్న స్థితిని ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అంటారు; సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. గర్భాశయ మార్పిడితో తొలి బిడ్డ 2014లో స్వీడన్‌లో పుట్టగా, మన దేశంలో 2017లో పుణెలో తల్లి గర్భసంచిని అమర్చుకున్న యువతి మరుసటి ఏడాది ఆడబిడ్డను కన్నది. మీ అమ్మగారికి జరిగిన ఆపరేషన్ అడ్డు కాదు. అందులో మూసేసేది అండవాహికలనే, మార్పిడిలో వాటితో పనిలేదు. ముందుగానే మీ దంపతుల పిండాలను ఐవీఎఫ్‌లో తయారుచేసి, శీతలీకరించి దాచి ఉంచుతారు.

అయితే మన రాయలసీమ పల్లెల్లో నలభై నిండకముందే గర్భసంచి తీయించుకున్నవారు ఎందరో ఉన్నారు కాబట్టి (అదెంత అనవసరమో మరోసారి చెబుతాను), ఇదీ అలాంటి చిన్న ఆపరేషనే అని మీ అమ్మగారు అనుకుంటూ ఉండవచ్చు. మామూలుగా రక్తనాళాలను గర్భాశయం పక్కనే ముడివేసి కోసేస్తారు. దానానికి మాత్రం, వాటిని ఆనుకుని పోయే మూత్రనాళాలకు దెబ్బ తగలకుండా, పొత్తికడుపు లోతు నుంచి పొడవుగా విడదీసుకుని రావాలి. అప్పుడే మీ నాళాలకు కలిపి కుట్టడం వీలవుతుంది. స్వీడన్‌లో తొలినాళ్లలో ఇందుకు పది గంటలకు పైగా పట్టింది, ఒక దాతకు మూత్రనాళం దెబ్బతిని మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఇంతా చేసినా అమర్చినది నిలుస్తుందన్న హామీ లేదు. అమెరికాలోని డల్లాస్ వైద్యులు 2024లో ప్రచురించిన ఫలితాల్లో 20 మందికి గాను 14 మందికే నిలిచింది, ఆ 14 మందీ తల్లులయ్యారు.

మీ విషయంలో నేను ముందుగా అడిగేది మూత్రపిండాల గురించి. ఈ లోపంతో పుట్టినవారిలో కొందరికి ఒకటే కిడ్నీ ఉంటుంది. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా రోజూ వేసుకోవలసిన టాక్రోలిమస్ వంటి మందుల భారం పడేది ఆ కిడ్నీల మీదే. 2014లో బిడ్డను కన్న తల్లికీ ఒకే కిడ్నీ ఉండేది. గర్భవతిగా ఉండగా బీపీ పెరగడంతో 32 వారాలు నిండకముందే సిజేరియన్ చేస్తే, బిడ్డ బరువు 1,775 గ్రాములు. ఒకరిద్దరు పిల్లలు పుట్టాక గర్భాశయాన్ని తీసేస్తారు కనుక ఈ మందులు జీవితాంతం వాడవలసిన అవసరం లేకపోవడం ఒక ఊరట.

నా కూతురే అడిగి ఉంటే, ముందు సరోగసీ (మీ పిండాన్ని మరో స్త్రీ కడుపులో మోసి కనడం) గురించి ఆలోచించమనేదాన్ని. గర్భాశయం లేనివారికి 2021 చట్టం అందుకు అవకాశమిస్తోంది. బిడ్డ రక్తసంబంధం రీత్యా మీ ఇద్దరిదే అవుతుంది. మోసే స్త్రీ 25–35 ఏళ్ల మధ్య వయసులో, పెళ్లయి, సొంత బిడ్డ ఉన్నదై ఉండాలి, వైద్య ఖర్చులు, బీమా మినహా డబ్బు ఇవ్వకూడదు. అందువల్ల మీ అమ్మగారికి ఆ అవకాశం లేదు గానీ, అక్కాచెల్లెళ్లలోనో వదినల్లోనో ఎవరైనా ముందుకు వస్తారేమో కనుక్కోండి.

ఈలోగా మీరు కడుపు స్కానింగ్, కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్షలు, అమ్మగారికి బీపీ, షుగర్, పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టేది) పరీక్షలు చేయించి, రిపోర్టులతో మళ్లీ రాయండి.